దేశవాళీ గింజతో పాస్తా: పొలం, పిండి, ప్యాకెట్... ఏది నిజం, ఏది ప్రచారం?

ఈ మధ్య సూపర్ మార్కెట్ అరల్లో కొత్త రకం పాస్తా ప్యాకెట్లు కనిపిస్తున్నాయి. రాగి పాస్తా, కొర్ర నూడుల్స్, జొన్న సేమియా, ఖప్లి గోధుమ మాకరోనీ. పక్కనే కొన్ని మాటలు: ప్రకృతి సాగు, పునరుజ్జీవన సాగు, దేశవాళీ విత్తనం, గ్లూటెన్ రహితం. మామూలు పాస్తా కంటే ధర రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ మాటల్లో ప్రతిదానికీ ఒక అర్థం ఉంది. ఏది నిజంగా లోపలి సరుకుకు వర్తిస్తుందో తెలియాలంటే గింజ పాస్తాగా ఎలా మారుతుందో, ఆ గింజ ఎలాంటి పొలం నుంచి వస్తుందో తెలియాలి. ఈ వ్యాసం ఆ రెండింటి గురించి. బెంగాల్లో స్థిరపడిన ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ విషయంలో ఉన్న అనుకూలత గురించి కూడా.

పాస్తా అంటే ఏమిటి?

పిండిని నీళ్లతో ముద్ద చేసి, ఒక ఆకారం ఇచ్చి, ఆరబెట్టి, తర్వాత నీళ్లలో ఉడికించి తినేది పాస్తా. ఈ లెక్కన మన సేమియా పాస్తాయే. హైదరాబాద్‌లో పుట్టిన సేమియా కంపెనీకి 'బాంబినో' అనే ఇటాలియన్ పేరు ఉండటం ఎవరికీ వింతగా తోచలేదు.

ఇటలీలో ఎండు పాస్తాకు కట్టుదిట్టమైన నిర్వచనం ఉంది. దాన్ని డ్యూరమ్ గోధుమ రవ్వతోనే చేయాలని 1967 నాటి 580వ చట్టం నిర్దేశించింది. తేమ 12.5 శాతం మించకూడదు. డ్యూరమ్ మనం చపాతీకి వాడే గోధుమ కాదు. గింజ గట్టిగా, పసుపు ఛాయతో ఉంటుంది. విసిరితే మెత్తటి పిండి కాకుండా రవ్వగా విరుగుతుంది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మాళవ ప్రాంతం దీనికి పేరు పొందింది. గుజరాత్‌లో వర్షం నీరు ఇంకిన నేలలో, ఆ తేమతోనే పండే భాలియా గోధుమ కూడా డ్యూరమే. దానికి 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

డ్యూరమ్‌నే ఎందుకు ఎంచుకున్నారు? కారణం గ్లూటెన్. గోధుమలోని రెండు రకాల మాంసకృత్తులు నీళ్లు తగిలి, పిసికినప్పుడు కలిసి సాగే వలలా తయారవుతాయి. ఈ వల పిండి రేణువులను పట్టి ఉంచుతుంది. మరిగే నీళ్లలో వేసినా పాస్తా విడిపోకుండా, పైన జిగురు తేలకుండా, లోపల కొంచెం పంటికి తగిలేలా ఉండటానికి కారణం అదే. కార్ఖానాలో 100 కిలోల రవ్వకు సుమారు 30 లీటర్ల నీళ్లు కలిపి, గాలి తీసేసి, గట్టి ఒత్తిడితో అచ్చులోంచి నెడతారు. ఆ సమయంలో ముద్ద వేడి సుమారు 50 డిగ్రీలు దాటకుండా చూస్తారు. దాటితే గ్లూటెన్ వల దెబ్బతింటుంది. కంచు అచ్చు అయితే పాస్తా పైభాగం గరుకుగా వచ్చి కూరను పట్టుకుంటుంది. టెఫ్లాన్ అచ్చుతో నున్నగా వస్తుంది. ఆరబెట్టడంలోనూ తేడా ఉంది. తక్కువ వేడిలో ఆరబెడితే ఒక రోజో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఎక్కువ వేడిలో కొన్ని గంటల్లో అయిపోతుంది.

'దేశవాళీ గింజ' అంటే ఏది?

హరిత విప్లవానికి ముందు రైతులు తరతరాలుగా దాచుకుని, వేసుకుంటూ వచ్చిన రకాలను దేశవాళీ గింజలు అంటున్నాం. గోధుమల్లో దీనికి ప్రసిద్ధ ఉదాహరణ ఖప్లి. శాస్త్రవేత్తలు ఎమ్మర్ అంటారు. డ్యూరమ్‌కు ఇది పూర్వీకురాలు. రెండింటిలోనూ 28 క్రోమోజోములే ఉంటాయి. చపాతీ గోధుమలో 42. ఉత్తర కర్ణాటక, మహారాష్ట్రల్లో ఖప్లి ఇప్పటికీ పండుతోంది. ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దీనిలో పొట్టి రకాలను కూడా తయారుచేసింది. ఇటలీలో ఇదే గింజను ఫర్రో అంటారు. అక్కడి గర్ఫాన్యానా ప్రాంతపు ఫర్రోకు 1996లోనే ఐరోపా భౌగోళిక గుర్తింపు లభించింది. అదే ఇటలీలో 1915లో నజరేనో స్ట్రాంపెల్లి విడుదల చేసిన సెనతోరే కప్పెల్లి అనే పొడవాటి డ్యూరమ్ రకాన్ని కొందరు రైతులు, పాస్తా తయారీదారులు మళ్లీ సాగులోకి తెచ్చారు.

అయితే తెలుగు నేల గోధుమ నేల కాదు. మనకు దేశవాళీ గింజ అంటే జొన్న, కొర్ర, సామ, అరిక, ఊద, రాగి, వందలాది వరి రకాలు. ఉత్తరాంధ్రలో రాగిని చోడి అంటారు, సజ్జలను గంటెలు అంటారు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగువారికి ఈ మాటలు ఇంట్లో వినపడినవే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను పెద్ద జంక్షన్‌గా, వర్క్‌షాపుల ఊరుగా మార్చినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు పని కోసం వచ్చాయి. వారితో పాటు చోడి అంబలి కూడా వచ్చింది. తర్వాతి తరాలకు రేషన్ బియ్యం, గోధుమ పిండి అలవాటయ్యాక అది పెద్దవాళ్ల జ్ఞాపకంగా మిగిలింది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషల జాబితాలో చోటిచ్చింది. భాషకు గుర్తింపు వచ్చింది కానీ, ఆ భాషలోని ధాన్యాల పేర్లు వాడకంలోంచి జారిపోతున్నాయి.

గ్లూటెన్ లేని గింజ పాస్తా ఎలా అవుతుంది?

చిరుధాన్యాల్లో, బియ్యంలో గ్లూటెన్ ఉండదు. మరి రాగి పాస్తా మరిగే నీళ్లలో కరిగిపోకుండా ఎలా నిలుస్తుంది? దీనికి సమాధానం మన వంటింట్లోనే ఉంది.

వినాయక చవితికి చేసే పాల తాలికలు గుర్తు తెచ్చుకోండి. బియ్యప్పిండిని చన్నీళ్లతో కలిపి తాలికలు చేయం. మరిగే నీళ్లలో పిండి పోసి, ఉడికించి, వేడి ముద్దను పిసికి, చేత్తో సన్నగా రుద్దుతాం. చన్నీళ్లతో కలిపితే తాలిక పాలల్లో విడిపోతుంది. వేడి నీళ్లతో కలిపితే నిలుస్తుంది. సుమారు 65 నుంచి 75 డిగ్రీల మధ్య పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని, ఉబ్బి, జిగురుగా మారతాయి. ఆ జిగురే గ్లూటెన్ చేయాల్సిన పని చేస్తుంది. తర్వాత చల్లారినప్పుడు అది గట్టిపడుతుంది. రాత్రి మెత్తగా ఉన్న అన్నం తెల్లారేసరికి గట్టిపడటానికి కారణం కూడా ఇదే.

బెంగాలీ ఇళ్లలో పౌష సంక్రాంతికి చేసే చుషి పాయసం ఇలాంటిదే. బియ్యప్పిండి ముద్దను వేళ్ల మధ్య నలిపి, బియ్యపు గింజంత సన్నని ముక్కలు చేసి, పాలల్లో ఉడికిస్తారు. సుభాష్‌పల్లిలో గోడకు గోడ ఆనుకుని ఉన్న తెలుగు ఇంటికీ బెంగాలీ ఇంటికీ వేర్వేరు పండుగల్లో ఒకే సాంకేతికత తెలుసన్నమాట. పాస్తా అనే పేరు లేకపోయినా చేత్తో చేసే పాస్తా ఇక్కడ ఉంది.

చిరుధాన్యాల పాస్తా తయారుచేసే యంత్రాలు చేసేదీ ఇదే పని. పిండిని ముందుగా ఆవిరి పట్టడమో, వేడి బ్యారెల్‌లో ఉడికిస్తూ అచ్చులోంచి నెట్టడమో చేస్తారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న సేమియా, పాస్తా, అటుకులు వంటి ఉత్పత్తుల తయారీ పద్ధతులను రూపొందించి, న్యూట్రిహబ్ పేరుతో చిన్న పరిశ్రమలకు శిక్షణ, సాంకేతికత అందిస్తోంది. 2023 కేంద్ర బడ్జెట్‌లో ఈ సంస్థను 'శ్రీ అన్న' ఉత్కృష్టతా కేంద్రంగా ప్రకటించారు. ఆ ఏడాదిని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

ఇంతకంటే సులువైన దారి ఇంకొకటుంది. చిరుధాన్యాల పిండికి గోధుమ రవ్వో మైదానో కలపడం. అప్పుడు గ్లూటెన్ ఉంటుంది కాబట్టి మామూలు సేమియా యంత్రమే సరిపోతుంది. మార్కెట్‌లో చాలా 'మిల్లెట్ పాస్తా'లు ఇలాంటి మిశ్రమాలే. అందులో తప్పు లేదు. పేరు పెద్ద అక్షరాల్లో రాగిది, లోపలి సరుకు ఎక్కువగా మైదాది అయినప్పుడే సమస్య.

పునరుజ్జీవన సాగు: మాట ఎక్కడిది, పని ఎక్కడిది?

'రీజెనరేటివ్' అనే మాటను 1980లలో అమెరికాలో రాబర్ట్ రోడేల్ ప్రచారంలోకి తెచ్చారు. నేలను పాడుచేయకపోవడం ఒక్కటే చాలదు, పంట పంటకూ దాన్ని మెరుగుపరచాలి అన్నది దాని సారం. నేలను కప్పి ఉంచడం, తక్కువ దున్నడం, ఏడాది పొడవునా ఏదో ఒక పంట వేళ్లు నేలలో ఉండేలా చూడడం, పలు పంటలు కలిపి వేయడం, పశువులను సాగులో భాగం చేయడం ఇందులోని సూత్రాలు.

తెలుగు నేలపై దీనికి దగ్గరగా పెద్ద ఎత్తున జరిగిన ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ సామాజిక ప్రకృతి వ్యవసాయం. రైతు సాధికార సంస్థ ద్వారా 2016లో మొదలైంది. మహిళా స్వయం సహాయక సంఘాలే దీనికి వెన్నెముక. బీజామృతంతో విత్తన శుద్ధి, జీవామృతం, ఆచ్ఛాదన వంటి పద్ధతులతో పాటు, వానలకు ముందే నవధాన్యాలు పొడి నేలలో చల్లే పద్ధతిని 2018 నుంచి విస్తరించారు. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే 10 లక్షల యూరోల మానవతా బహుమతిని ఈ కార్యక్రమం, నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్ పంచుకున్నాయి.

తెలంగాణలో జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇంకా ముందు నుంచి, 1983 నుంచి పనిచేస్తోంది. అక్కడి దళిత మహిళా రైతులు ఒకే చేనులో పది, పదిహేను రకాల పంటలు కలిపి వేస్తారు. విత్తనం ఇళ్లలోనే దాస్తారు. 2019లో వారికి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది. ఆ సంస్థ ఉన్న ఊరి పేరు పస్తాపూర్ కావడం కేవలం యాదృచ్ఛికం.

విమర్శ కూడా ఉంది. పెట్టుబడి లేని ప్రకృతి సాగుకు తగిన శాస్త్రీయ రుజువులు లేవని జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లో అభ్యంతరం చెప్పింది. దిగుబడి తగ్గితే దేశ ఆహార భద్రత మాటేమిటన్నది దాని ప్రశ్న. అయినా 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి సాగు మిషన్‌ను ఆమోదించింది. కోటి మంది రైతులను చేరడం లక్ష్యంగా పెట్టుకుంది. చర్చ ఇంకా ముగియలేదు.

పాత విత్తనానికీ ఈ సాగుకూ పొత్తు ఎందుకు?

ఇది కేవలం పాతకాలం మీద మమకారం కాదు. దీని వెనుక ఒక వ్యవసాయ కారణం ఉంది. పాత గోధుమ, వరి రకాలు పొడవుగా పెరుగుతాయి. వాటికి యూరియా ఎక్కువ వేస్తే గింజ బరువుకు పడిపోతాయి. 1960లలో పొట్టి రకాలు వచ్చింది ఈ ఇబ్బందిని దాటడానికే. ఎరువు తట్టుకునే పొట్టి పైరుకు ఎరువు కావాలి. ఎరువు వేయని నేలకు, తక్కువతో సరిపెట్టుకుని లోతుగా వేళ్లు దించే పాత పైరు నప్పుతుంది. పొడవాటి గడ్డి పశువులకు మేతగా, నేలకు కప్పుగా పనికొస్తుంది.

కానీ పాస్తా చేసేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. గోధుమ పాస్తా నాణ్యత గింజలోని మాంసకృత్తుల మీద ఆధారపడుతుంది. మాంసకృత్తులు నేలలోని నత్రజని మీద ఆధారపడతాయి. యూరియా ఆపేసి, దాని స్థానంలో కంది, అలసంద, శనగ వంటి పప్పుజాతి పంటలు వేయకపోతే గోధుమ పల్చబడుతుంది, పాస్తా జావ కారుతుంది. కాబట్టి మంచి పాస్తా వెనుక పప్పు పంట కూడా ఉండాలి. చిరుధాన్యాల పాస్తాకు ఈ చిక్కు తక్కువ. అక్కడ పని చేసేది పిండి పదార్థం.

వాతావరణం మారితే గింజ మారడం ఈ దేశానికి కొత్త కాదు. హరియాణాలోని భిర్రానా హరప్పా స్థావరంపై ఐఐటీ ఖరగ్‌పూర్ శాస్త్రవేత్తలు సహా ఒక బృందం చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. వానలు తగ్గుతూ వచ్చిన కాలంలో అక్కడివారు గోధుమ, బార్లీల నుంచి కరవును తట్టుకునే చిరుధాన్యాలు, వరి వైపు మళ్లి ఉంటారని అది సూచించింది.

విత్తనం విషయంలో బెంగాల్‌కు ఒక ముఖ్యమైన పేరు ఉంది. దేబల్ దేబ్ 1997లో 'వ్రీహి' అనే వరి విత్తన నిధిని స్థాపించారు. రైతులకు ఉచితంగా విత్తనం ఇచ్చి, పండించి తిరిగి ఇవ్వమనేది దాని పద్ధతి. తర్వాత ఆయన పొలం ఒడిశాలోని రాయగడ జిల్లాకు మారింది. అది ఉత్తరాంధ్ర సరిహద్దు జిల్లా. అదే ఒడిశాలో కోరాపుట్ ఆదివాసీ రైతులు కాపాడిన కుంద్రా బాటి వంటి చోడి రకాలు అధికారిక విత్తన వ్యవస్థలోకి ఎక్కాయి.

డబ్బు ఎవరికి చేరుతోంది?

2025-26 ఖరీఫ్‌కు రాగికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. అంటే కిలోకు దాదాపు 49 రూపాయలు. ఇప్పుడు 200 గ్రాముల 'రాగి పాస్తా' ప్యాకెట్ తీసుకోండి. అందులో రాగి 30 శాతమే ఉంటే, ఉన్నది 60 గ్రాములు. మద్దతు ధర లెక్కన దాని విలువ మూడు రూపాయలు కూడా కాదు. పూర్తిగా రాగితో చేసినా పది రూపాయల లోపే. మిగిలిన ధరంతా మర, యంత్రం, ప్యాకింగ్, రవాణా, ప్రకటనలు, దుకాణం వాటా. ప్రకృతి సాగు గింజకు అదనపు ధర ఇచ్చామని కంపెనీ అంటే, ఎంత ఇచ్చిందని అడగడం న్యాయమే. రైతుకు కిలోకు 20 రూపాయలు ఎక్కువ ఇచ్చినా, పూర్తి రాగి ప్యాకెట్ మీద పడే భారం నాలుగు రూపాయలు.

కొర్ర, సామ, అరిక పరిస్థితి ఇంకా కష్టం. కేంద్రం మద్దతు ధర జాబితాలో చిరుధాన్యాల నుంచి ఉన్నవి జొన్న, సజ్జ, రాగి మాత్రమే. పైగా చిన్న గింజలకు గట్టి పొట్టు. పొట్టు తీసే యంత్రం ఊళ్లో లేకపోతే రైతు గింజను అలాగే అమ్మేస్తాడు, లాభం పట్నంలోని మిల్లుకు పోతుంది. ఖప్లికీ ఇదే బాధ. మామూలు గోధుమలా నూర్చితే గింజ బయటికి రాదు, మళ్లీ దంచాలి. అందుకే ఈ గింజల భవిష్యత్తు ప్యాకెట్ మీది నినాదం కంటే పల్లెలోని పొట్టు మర మీద ఎక్కువ ఆధారపడి ఉంది.

కొనే ముందు చూడాల్సినవి

1. పదార్థాల జాబితా. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం. మొదటి పేరు మైదా అయితే అది మైదా పాస్తా.

2. శాతం. పేరులో రాగి ఉంటే రాగి ఎంత శాతమో జాబితాలో వెతకండి.

3. 'గ్లూటెన్ రహితం'. కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉన్నదానికే ఈ మాట వాడాలి. ఖప్లి గోధుమలో గ్లూటెన్ ఉంటుంది. 'పాత గోధుమ కాబట్టి పడుతుంది' అన్న మాట నమ్మి సీలియాక్ జబ్బు ఉన్నవారు తింటే పేగు దెబ్బతింటుంది. గోధుమ కలిపిన చిరుధాన్యాల పాస్తా కూడా వారికి పనికిరాదు.

4. 'సేంద్రియ' అన్న మాటకు చట్టం ఉంది. అధికారిక సేంద్రియ ముద్ర, ధ్రువీకరణ వివరాలు ఉండాలి. 'పునరుజ్జీవన' అన్న మాటకు మన దేశంలో అలాంటి చట్టపరమైన నిర్వచనం లేదు. ఏ ఊరి పంట, ఏ రైతు సంఘం, ఏ రకం విత్తనం అన్నది రాసి ఉంటే దానికి కొంత విలువ.

5. ఆరోగ్యం. రాగిలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మిగతా ధాన్యాల కంటే చాలా ఎక్కువ. కానీ 30 శాతం రాగి పాస్తాలో ఉండేది అందులో మూడో వంతు కంటే తక్కువే. 'షుగర్ తగ్గుతుంది' వంటి మాటలు ప్యాకెట్ చెప్పేవి, డాక్టరు చెప్పేవి కావు.

ఇంట్లో చేసుకోవాలంటే

చోడి పాస్తాకు ప్రత్యేక యంత్రం అక్కర్లేదు. జంతికల గొట్టం చాలు. ఒక కప్పు చోడి పిండి, ఒక కప్పు బియ్యప్పిండి తీసుకోండి. రెండు కప్పుల నీళ్లలో ఉప్పు, చెంచా నూనె వేసి మరిగించి, మంట ఆపి, పిండి పోసి కలిపి మూత పెట్టండి. పది నిమిషాల తర్వాత గోరువెచ్చగా ఉండగానే బాగా పిసకండి. గొట్టంలో పెట్టి ఇడ్లీ రేకుల మీద ఒత్తి, పది నిమిషాలు ఆవిరికి ఉడికించండి. పూర్తిగా చల్లారాకే విడదీయాలి. వేడి మీద తీస్తే తునిగిపోతుంది. అప్పటికప్పుడు పోపు వేసి తినవచ్చు. దాచాలంటే నీడలో ఒక పూట, ఎండలో రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. వంచితే వంగకుండా టక్కున విరిగితే ఆరినట్టు.

బియ్యప్పిండికి అన్నం పలుకుగా వచ్చే బియ్యమే మేలు. గోబిందభోగ్ పాయసానికి గొప్పది కానీ, దాని మెత్తదనం ఈ పనికి అంతగా నప్పదు. కొర్రలతో చేయాలనుకునేవారు గోల్‌బజార్‌లో బెంగాలీలో 'కావన్' అని అడగాలి. చోడిని 'మారువా' అంటారు. ఇక ఆరబెట్టడానికి ఖరగ్‌పూర్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వానాకాలపు గాలిలో తేమకు లోపల బూజు పడుతుంది, పైకి కనిపించదు.

ఖప్లి పిండితో అయితే పద్ధతి వేరు. పావుకిలో పిండికి అరగ్లాసు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోసి, పది నిమిషాలు గట్టిగా పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. పలచగా వత్తి, సన్నని పట్టీలుగా కోసి, మరిగే ఉప్పునీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉడికిస్తే చాలు. డ్యూరమ్ అంత సాగదు కాబట్టి మరీ పలచగా వత్తకూడదు.

ఇలా చేసుకుంటే కిలో చోడి కొన్న డబ్బు చాలావరకు చోడికే పోతుంది. ఊరి నుంచి బంధువులు వచ్చేటప్పుడు ఏ రకం చోడి వేశారో, ఎరువు వేశారో లేదో అడిగి తెప్పించుకునే వీలు ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లకు ఇంకా ఉంది. శ్రీకాకుళం రోడ్డులో ఎక్కించిన సంచి ఇక్కడ నేరుగా దిగుతుంది. ఏ ప్యాకెట్ మీదా దొరకని సమాచారం ఆ సంచి తెచ్చిన మనిషి దగ్గర దొరుకుతుంది. అడిగేవారు ఉన్నంత కాలం ఆ విత్తనం వేసేవారు కూడా ఉంటారు.